వాసన అంటని ఓటు

ఎండాకాలం వచ్చిందంటే రాళ్లవాగు అడవిలో నీళ్లుండే చోటు ఒక్క మడుగే. ఎవరు ముందు తాగాలో, ఎవరు వెనక తాగాలో చెప్పేది మడుగు పెద్ద. కొన్నేళ్లుగా ఆ పెద్దరికం నక్కది. కాళ్లు మొక్కినవాళ్లకి తేట నీళ్లు, నోరెత్తినవాళ్లకి అడుగు బురద. కంచే చేను మేస్తుంటే పాపం ఎవరితో చెప్పుకుంటారు!

ఈసారి దుప్పి ధైర్యం చేసి నక్క మీద పోటీకి నిలబడింది. ఎన్నిక జరిపించే పని కాటుక అనే గేదె నెత్తిన పడింది. ఎందుకంటారా? అది ఎవరి జట్టూ కాదు, ఎవరి జోలికీ పోదు, పైగా దానికి కొమ్ములున్నాయి. పొద చాటున దుప్పికొక గుంట, నక్కకొక గుంట తవ్వించింది. ఒక్కొక్కరూ ఒక కానుగ గింజ నోట కరుచుకెళ్లి నచ్చినవాళ్ల గుంటలో వెయ్యాలి, అంతే.

నక్క తక్కువ తిందా? బొరియ బొరియకీ తిరిగింది. "మీ ఇష్టం వచ్చినట్టు వేసుకోండి నాయనా! లెక్కప్పుడు నేనూ కూర్చుంటాగా. ఏ గింజ ఏ నోట్లోంచి పడిందో నా ముక్కు ఇట్టే చెప్పేస్తుంది."

అంతే, ఓటంటేనే అడవి హడలిపోయింది.

కుందేలు ఏడుస్తూ గేదె దగ్గరికొచ్చింది. "కాటుకత్తా, నేను ఓటుకి రాను. నా గింజ పట్టేశాడంటే నాకు నీళ్లుండవు. నీళ్లు లేకపోతే పిల్లలకి పాలెక్కడివి? ఉడతలూ రామంటున్నాయి. అసలు ఆ నక్కని పోటీలోంచి పీకెయ్యరాదూ?"

"ఏమని పీకెయ్యనే? అడిగితే 'నేనెవర్ని బెదిరించాను, నా ముక్కు సంగతి చెప్పుకున్నా' అంటాడు. పైగా వాడికి వెయ్యాలనుకునేవాళ్లూ ఉంటారు. గెలిపించడం, ఓడించడం నా పని కాదు తల్లీ. నువ్వు భయం లేకుండా వేసేలా చూడటం నా పని."

కుందేలు అటు వెళ్లిందో లేదో, నక్క ఇటు దిగింది. "వదినా! ఆ పొద చాటు ఎందుకు, గుంటలు బయట పెట్టించు. నీ బురదగుంట ఎండిపోతోంది కదా, మడుగులోంచి ఇంత కాలువ తీయిస్తా."

అబద్ధమెందుకు, కాటుక మనసు లాగింది. గేదె తోలుకి ఎండంటే నిప్పే. గుంటలో మిగిలిన ఆ కాస్త బురదే దానికి ప్రాణం. కానీ కుందేలు ఏడుపు చెవుల్లోనే ఉంది. "నా గుంట సంగతి నేను చూసుకుంటాలే మరిదీ" అని పంపించేసింది. పంపించాక ఆ బురద వైపు చాలాసేపు చూస్తూ నిలబడింది.

తెల్లారి అందరూ వచ్చేసరికి గింజలన్నీ గేదె బురదగుంటలో ఉన్నాయి.

"కళ్ల దాకా మూతి ముంచి గింజ తియ్యండి. అలాగే వెళ్లి వెయ్యండి" అంది కాటుక.

"అయ్యో, నా పించం!" అని నెమలి గోల.

"పించంతో ఓటేస్తావా ఏంటి నాయనా? పైకెత్తి పట్టుకో!"

నక్క కూడా మొహం చిట్లించుకుని ముంచక తప్పలేదు. మొదట కుందేలు, దాని వెనకే ఉడతలు, ఆ వెనక అడవంతా కదిలింది. అందరి మూతులకీ అంటుకుని బురదంతా పోయింది. గుంట అడుగున ఎండిన పెచ్చులు మిగిలాయి. కాటుక వాటిని ఒక్కసారి చూసి, లెక్కకి కూర్చుంది.

లెక్క మొదలైంది. దుప్పి గుంటలోంచి గింజ తీసినప్పుడల్లా నక్క ముక్కు పెట్టింది. పీల్చింది, తుమ్మింది, మళ్లీ పీల్చింది.

"ఇదేంటి, అన్నీ గేదె కంపే కొడుతున్నాయి!"

"నా గుంటలో గింజలకి మల్లెపూల వాసన వస్తుందా మరి?"

అడవి అడవంతా విరగబడి నవ్వింది.

"మోసం! ఈ ఎన్నిక చెల్లదు!"

"నువ్వూ అదే బురదలో మూతి పెట్టావుగా మరిదీ. నీకో కట్టుబాటు, కుందేలుకో కట్టుబాటు పెట్టానా?"

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా! నక్క గుంటలోనూ గింజలు బాగానే పడ్డాయి గానీ, దుప్పి గుంటలో అంతకన్నా ఎక్కువ తేలాయి. దుప్పి గెలిచింది.

గెలిచిన దుప్పి మెల్లగా గేదె చెవి దగ్గరికొచ్చింది. "అక్కా, నక్కకి వేసినవాళ్లెవరో నీకు తెలిసే ఉంటుంది. చెప్పు, వాళ్ల వంతు సంగతి నేను చూస్తా."

కాటుకకి ఒళ్లు మండిపోయింది. "పెద్ద మారినా బుద్ధి మారదా? ఎవరు ఎవరికి వేశారో నాకూ తెలీదు. తెలీకూడదనే కదా, ఉన్న బురదంతా పోగొట్టుకున్నాను! తెలిసినా చెప్పను, పో."

దుప్పి సిగ్గుతో తల దించుకుంది. కాసేపటికి మడుగు గట్టెక్కి, "ముందు చంటిపిల్లల తల్లులు, ఆ తర్వాత వచ్చినవాళ్లు వచ్చినట్టే రండి!" అని పిలిచింది.

ఇదంతా పొద వెనక నక్కి విన్న నక్క, తోక ముడుచుకుని వరస చివర నిలబడింది. ముందున్నవాళ్లలో తనకి ఓటేసినవాళ్లెవరో దానికీ తెలీదు, దుప్పికీ తెలీదు. అందరూ ఒకేలా కడుపు నిండా తాగి వెళ్తున్నారు. తన వంతు వచ్చేసరికి నక్కకీ ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఎన్నిక జరిపేవాళ్లు ఎవరి పక్షానా లేకపోతేనే, ఓడినవాళ్ల దాహమూ తీరుతుంది.