రాజుగారి పిక్కల పట్టీలు

గుండ్లవరం రాజా జగ్గభూపతిగారికి ఆ ఏడు లంగా కట్టుకోవాలని కోరిక పుట్టింది.

లంగా అంటే ఒప్పుకోరు లెండి. కిల్టు అనాలి. స్కాట్లాండులో మగవాళ్లు, అందులోనూ యుద్ధాలు చేసే మగవాళ్లు, గళ్ల గుడ్డకి కుచ్చిళ్లు పెట్టి మోకాళ్ల దాకా కడతారట. ఆ దేశంవాడైన మెకల్లం దొర దర్బారుకి వస్తున్నాడని తెలిసి, ఆయన వేషంతోనే ఆయనకి స్వాగతం చెప్పాలని రాజుగారు ముచ్చటపడ్డారు. ప్రభువుల ముచ్చటకి అడ్డు చెప్పే మొనగాడు గుండ్లవరంలో అప్పటికింకా పుట్టలేదు.

కిల్టు మద్రాసు నుంచి వచ్చింది. ఉన్ని మేజోళ్లూ వచ్చాయి. తెప్పించింది దుబాసీ అనంతశయనంగారు. దొరల మాటలు రాజుగారికీ, రాజుగారి మాటలు దొరలకీ తిప్పి చెప్పడం ఆయన ఉద్యోగం. సీమ సరుకు కనిపిస్తే కళ్లకద్దుకోవడం ఆయన మతం.

రేపు దర్బారనగా రాజుగారు వేషం కట్టి చూసుకున్నారు. నాలుగడుగులు వేసేసరికి మేజోళ్లు జారి చీలమండల మీద కుప్పపడ్డాయి. ఎత్తారు. జారాయి. మళ్లీ ఎత్తారు. రెండు చేతులతో రెండు మేజోళ్లు పట్టుకుని నిండు కొలువుకి రావడం ఏ దేశపు వీరుడికీ అందంగా ఉండదు.

"వీటికి పట్టీలుంటాయి మహాప్రభో," అన్నారు దుబాసీగారు. "మోకాలి కింద బిగించి, మేజోడు అంచు దానిమీదికి మడుస్తారు. పక్కన రెండు ఎర్ర తోకలు వేలాడతాయి. అవి ఇంకా ఓడలో ఉన్నాయి. దర్బారు వాయిదా వెయ్యడమే మర్యాద."

రాజుగారి ముఖం జేవురించింది. వెనకనుంచి శరభయ్య గొంతు సవరించుకున్నాడు. రాజుగారికి తలపాగా చుట్టేవాడతను. తాతల నాటి ఉద్యోగం.

"ఏలినవారు సెలవిస్తే సాయంత్రానికి చేసిపెడతాను. ఓ పాత గుడ్డ చాలు."

దుబాసీగారు నవ్వారు. "తలకి చుట్టేవాడివి, కాలి సంగతి నీకేం తెలుసోయ్?"

"తలకున్న పొగరు కాలికుండదు బాబూ. అలాంటి తలమీదే జారకుండా కడుతున్నాను. కాలెంత?"

దుబాసీగారికి ఒళ్లు మండింది. పైగా ఆయన బావమరిది ఒకడు పనీపాటా లేకుండా ఆయనింట్లోనే మూడు పూటలా మెక్కుతున్నాడు. తలపాగా ఉద్యోగం వాడికి ఇప్పించాలని ఆయనకి ఎన్నాళ్లుగానో ఉంది. ఆ సంగతి కోటలో అందరికీ తెలుసు.

"ఒక్క మనవి ప్రభూ. రేపు కొలువులో దొరగారి పట్టీలతో వీడి పట్టీలు పోల్చి చూస్తాను. నాటు సరుకని ఇట్టే తెలిసిపోతే సంస్థానం పరువు గంగలో కలిసినట్టే. అప్పుడు వీడి ఉద్యోగం ఊడాలి."

"సరే," అన్నారు రాజుగారు.

శరభయ్యకి కోటలో ఇల్లూ, ఇంట్లో ఆరుగురి కూడూ ఆ ఉద్యోగం మీదే ఉన్నాయి. నోటిదురుసు తగ్గించుకోనందుకు తనని తానే తిట్టుకుంటూ ఇల్లు చేరాడు.

పాత ఎర్ర తలపాగా ఒకటి తీశాడు. గుడ్డని ఐమూలగా కత్తిరిస్తే సాగుతుంది, సాగి ఒంటిని పట్టుకుంటుంది. అలాంటి పేలికలు మూడు జడలా అల్లి, ఒక కొసన బొత్తామూ రెండో కొసన ఉచ్చూ పెట్టాడు. ఇంకో ముక్క మడతపెట్టి, గంజి పట్టించి, ఇస్త్రీ చేసి, కొసలు చేపతోకలా కత్తిరించి, జడకి రెండేసి తోకలు కుట్టాడు. అంతే. దీనికి ఓడెందుకో ఆ దేవుడికే తెలియాలి.

మర్నాడు పొద్దున్నే మెకల్లం దొర బట్లరు రొప్పుతూ వచ్చాడు.

"మా దొరగారి పట్టీలు ఆయన కుక్కే నమిలేసింది. రాజుగారికి నువ్వు కుట్టావటగా. మాకూ ఒక జత కుట్టి పుణ్యం కట్టుకో నాయనా."

శరభయ్య మళ్లీ అదే తలపాగా తీశాడు. ఈసారి కూనిరాగం తీస్తూ కుట్టాడు.

కొలువు తీరింది. రాజుగారు ఠీవిగా నడిచొచ్చారు. మేజోళ్లు ఒక్క వేలెడు జారితే ఒట్టు. దొర ముచ్చటపడి చప్పట్లు కొట్టాడు. దుబాసీగారికి ఆ చప్పట్లు చెవిన పడలేదు. కళ్లజోడు పెట్టుకుని తిన్నగా దొర పిక్క దగ్గరికి వంగారు.

"ఆహా! నేతంటే ఇదీ! ఈ ఎరుపు తేవడం మన రంగరేజుల తాతల వల్ల కూడా కాదు."

తర్వాత రాజుగారి పిక్క దగ్గరికి వచ్చి ముక్కు చిట్లించారు. "ఇదేమో గంగిరెద్దుకి కట్టే పేలిక. నేనన్నది పట్టీని ప్రభూ, తమరి కాలిని కాదు."

శరభయ్య చేతులు కట్టుకున్నాడు. "తేడా అంతగా తెలుస్తోందా బాబూ?"

"గుడ్డివాడికైనా తెలుస్తుంది!"

"దొరగారివి సీమవేనంటారా?"

"కాదని తేలితే నా ఉద్యోగం వదులుకుంటాను, చాలా?"

"అయితే అవి ఎవరు కుట్టారో దొరగారినే అడగండి. ఆ భాష నాకు రాదాయె."

దుబాసీగారు ఠీవిగా అడిగారు. దొర ఏదో చెప్పి, పకపకా నవ్వి, శరభయ్య వైపు వేలు చూపించాడు.

దుబాసీగారు కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు.

"ఏమన్నారయ్యా? తిప్పి చెప్పవేం?" గద్దించారు రాజుగారు.

"చిత్తం... ఇతనే కుట్టాడటండి... ఈ పొద్దున్నే. పాతవి కుక్క నమిలేసిందట. వాళ్ల ఊళ్లో అయితే చిరిగిన కంబళి ముక్కలతో వాళ్లమ్మ కుడుతుందటండి. వీటిని డబ్బిచ్చి కొనే తెలివితక్కువవాళ్లు ఎక్కడుంటారని అడుగుతున్నారు."

కొలువంతా గొల్లుమంది. రాజుగారు నవ్వీ నవ్వీ సింహాసనం చెయ్యి పట్టుకున్నారు.

"అనంతశయనం, నీ ఉద్యోగం నువ్వే ఉంచుకో. నీ పరువు నువ్వే తీసుకుంటూ ఇంత చక్కగా తిప్పి చెప్పేవాడు నాకు మళ్లీ దొరకడు." చేతి కడియం తీసి శరభయ్యకి తొడిగారు. "నీ ఉద్యోగం నీ మనవల దాకా నీదే. ఇంతకీ ఓడలో వస్తున్న ఆ సీమ పట్టీలు ఏం చేద్దామంటావు?"

"దుబాసీగారి బావమరిదికి ఇప్పించండి ప్రభూ. ఉద్యోగం ఎలాగూ దక్కలేదు. మేజోళ్లన్నా జారకుండా ఉంటాయి."