ఒక రోజు నానిన గొడ్డలి

చెట్లకూ పిట్టలకూ మాటలొచ్చిన రోజుల్లో, పిల్లలూ, మేఘవరాన్ని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు, ఒక్కగానొక్క కూతురు మణిమేఖల. కడగొట్టు కొడుకు సుకేతుడికి చెల్లెలంటే ప్రాణం. కాని వాడికి ఒక్కచోట కాలు నిలవదు. అన్నం ముందు కూర్చున్నా సగం తిని లేచేవాడు.

ఒకనాడు ధూమకేశుడనే మాంత్రికుడు వచ్చి ఖజానా ఊడ్చుకుని, మణిమేఖలను కూడా ఎత్తుకుపోయాడు. నాలుగో రోజు పొద్దు గుంకేలోగా తనను పెళ్లాడతాననకపోతే రాయిని చేస్తానని చెప్పి మరీ పోయాడు. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉందనీ, ఆ చిలుక ఏడు వాగుల అవతల ముళ్లబూరుగు తొర్రలో ఉందనీ, తొర్రకు చేవగల కర్ర బిరడా బిగించి ఉందనీ ముసలి మంత్రి చెప్పాడు. దాన్ని పగలగొట్టాలంటే గొడ్డలి కావాలి. అడవిలో మకాం వేసినప్పుడు పొయ్యిలోకి పుల్లలకూ అదే కావాలి. రాజు ఖజానా మూలలు గీకి కొడుకులకు తలా మూడు వరహాలు ఇచ్చాడు.

ముగ్గురూ కమ్మరి మల్లాచారి కొలిమికి పోయారు. పెద్దవాడు మెడలో హారం కూడా ఇచ్చేసి, అన్నిటికన్నా పెద్ద గొడ్డలి భుజాన వేసుకున్నాడు. రెండోవాడు ఈకలా తేలిగ్గా ఉన్నది ఒక్క వరహాకే కొని, చక్కా పోయాడు. సుకేతుడికి ఏది కొనాలో తోచలేదు. మల్లాచారి కూతురు చెంగల్వ వాడి చేతికి గొడ్డళ్లు ఇచ్చి, చెయ్యి చాపి పట్టుకుని కొలిమి చుట్టూ మూడుసార్లు తిరగమంది. మొదటిదానికి భుజం లాగింది. రెండోది గాలిలో బాగానే ఆడింది గాని మొద్దులో దిగలేదు. మూడోది మూరెడు కర్రపిడితో చేతికి అమిరింది, మొద్దులోనూ దిగింది. వెల మూడు వరహాలు.

తీసుకోబోతే చెంగల్వ దాన్ని నీళ్ల తొట్టిలో ముంచింది. కొత్త పిడి రేపు పొద్దుటిదాకా నానితేనే ఉబ్బి ఇనుములో బిగుస్తుందనీ, అది తమ ఇంటి ఆచారమనీ అంది. అన్నలు ఈపాటికి వాగు దాటి ఉంటారు. చెల్లెలికి ఒక రోజు తరిగిపోతోంది. తొట్టి దగ్గరికి పోతాడు, తిరిగొస్తాడు, మళ్లీ పోతాడు. మూడోసారి నీళ్లలో చెయ్యి పెట్టాడు.

"మీ కాళ్లు తిరిగితే తిరగనీయండి రాకుమారా, గొడ్డలిని మాత్రం కదపకండి," అంది చెంగల్వ. "చెట్టుమీద అది ఊడిందంటే మీ చెల్లెలికి ఇక రోజులే ఉండవు."

వాడు చెయ్యి తీసేశాడు.

తెల్లారగానే పరుగు. రెండో వాగు దగ్గర పెద్దన్న వాచిన భుజానికి కాపడం పెట్టుకుంటున్నాడు. నాలుగో వాగులో రెండో అన్న మోకాలిలోతు నీళ్లలో గొడ్డలి తల కోసం వెతుకుతున్నాడు. నానబెట్టమంటే అంత తీరిక లేదన్నాడట. ఆరో వాగు ఒడ్డున ఒక వడ్రంగిపిట్ట ఏడుస్తోంది. విరిగిన కొమ్మ తొర్రకు అడ్డంపడి దాని పిల్లలు లోపల చిక్కుకున్నాయి. ఆగడానికి సుకేతుడి కాళ్లు ఒప్పుకోలేదు. అయినా ఆగి కొమ్మ నరికి తీసి, తాను వచ్చిన పని చెప్పాడు.

"అక్కడ బూరుగులు వెయ్యి ఉన్నాయి నాయనా," అంది పిట్ట. "చిలుక ఉన్న చెట్టు నేను చూపిస్తాను."

నాలుగో రోజు పొద్దు వాలుతుండగా సుకేతుడు ఆ చెట్టెక్కాడు. ధూమకేశుడు ఆ చెట్టు కిందే కట్టి ఉంచిన చెల్లెలు అప్పటికే మోకాళ్లదాకా రాయయింది. ఒక చేత్తో కొమ్మ పట్టుకుని రెండో చేత్తో బిరడా మీద కొట్టాడు. ధూమకేశుడు ఎగబాకి వచ్చి కాలు పట్టి లాగాడు. ఒక దెబ్బ, రెండు దెబ్బలు, మూడు దెబ్బలు. గొడ్డలి తల ఇసుమంతైనా కదల్లేదు. బిరడా పగిలింది. చిలుక మెడ నులమగానే మాంత్రికుడు దబ్బున కిందపడి చచ్చాడు.

రాయి కరిగి మణిమేఖల కాళ్లు కదిలాయి. "ఇంత ఆలస్యమయిందేం అన్నయ్యా?" అని అడిగింది.

సుకేతుడు గొడ్డలి చూపించి ఏడ్చేశాడు.

దారిలో అన్నల్ని కలుపుకుని, ఖజానాతో సహా అందరూ మేఘవరం చేరారు. సుకేతుడు తిన్నగా కొలిమికి పోయి, తనను పెళ్లాడమని చెంగల్వను అడిగాడు. ఆమె సరేనంది, కాని ఆ పూటే కాదు, రేపంది. రాజు వాళ్లకే పట్టం కడితే, వాళ్లిద్దరూ ఆ రాజ్యాన్ని అరవై ఏళ్లు చల్లగా ఏలారు. పెళ్లికి ముందు ఆ ఒక్క రాత్రి మాత్రం రాకుమారుడు తెల్లారేదాకా కొలిమి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.