అత్తిపత్తి పువ్వు బొట్టు

ఎప్పటి మాటో ఎవరికీ గుర్తులేదు గానీ, మబ్బులకోటలో ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. మూడోవాడు లలితాంగుడు. అతను రోజూ పొద్దున్నే గంటసేపు మీసం దువ్వుకునేవాడు. అది తన కోసం కాదట. దారినపోయే జనం ఒక మంచి మొహం చూసి పనుల్లోకి పోవాలని! అంత దయగలవాడు.

ముగ్గురూ పక్క రాజ్యపు రాకుమార్తె వకుళను పెళ్ళాడాలని వెళ్ళారు. పెద్దవాణ్ణి చూసి "వద్దు" అంది. రెండోవాణ్ణి చూసి "వద్దు" అంది. లలితాంగుణ్ణి చూసి కాస్త నవ్వి, "మూడు రోజులు ఆగండి. ఆలోచించుకుని చెబుతాను" అంది.

"ఆలోచన దేనికి? మీసం కనబడుతూనే ఉందిగా!"

"మీసం చూశాను. మనిషిని చూడాలి."

బయటికి రాగానే అన్నలు వెక్కిరించారు. "ఒరే తమ్ముడూ, మాకు మొహం మీదే చెప్పింది. నీకు మెల్లిగా చెబుతుంది. అంతే తేడా."

ఆ మాట ముల్లులా దిగింది. కూర్చుంటే 'వద్దంటే?', నిలుచుంటే 'వద్దంటే?', పడుకుంటే 'వద్దంటే?'. మూడు రోజులు ఆగలేనివాడు ఆమె చేత సరేననిపించే మందు కోసం గండభేరుండ పక్షి కాళ్ళు పట్టుకుని ఏడు సముద్రాలు దాటాడు.

అవతలి ఒడ్డున బూదవ్వ అనే మంత్రగత్తె ఉండేది. ఆమె భుజం మీద ఒక చిలక, పెరడంతా అత్తిపత్తి మొక్కలే. ముట్టుకుంటే ముడుచుకునే ఆకులు, గులాబీరంగు కుచ్చుల్లాంటి పూలు.

లలితాంగుడు కత్తి దూశాడు. "నీ ప్రాణం ఆ చిలకలో ఉందా?"

"నా ప్రాణమంతా మోకాళ్ళ నొప్పుల్లోనే ఉంది నాయనా. కత్తి దించి పనేంటో చెప్పు."

చెప్పాడు. బూదవ్వ నిట్టూర్చింది. "ఈ ఆకు నూరి కడితే గాయంలో నెత్తురు ఆగుతుంది. వేరు మెళ్ళో కడితే పసిబిడ్డ నిద్రపోతుంది. వాటికోసం ఒక్కడూ రాడు. అందరికీ పువ్వే కావాలి. పువ్వు పొడి కుంకంలో కలిపి బొట్టు పెడితే, ఇక పెట్టినవాడి మాటే ఆ మనిషి మాట."

"అదే ఇయ్యి!"

"దానికో పద్ధతుంది. ఆకు ముట్టుకో. ముడుచుకుంటుంది. దానంతటది విచ్చుకునేదాకా ఊరికే కూర్చో. అలా మూడుసార్లు. ఆ తర్వాత కోసుకో. కానీ మూడుసార్లు కూర్చున్నవాడెవడూ ఇంతవరకు పువ్వు పట్టుకెళ్ళలేదు. ప్రతివాడూ వట్టి చేతులతో నిమ్మళంగా ఇంటికి పోయాడు."

మొదటిసారి ఆకు సగం విచ్చుకునేసరికి అతనికి కాళ్ళు తిమ్మిరెక్కాయి. రెండోసారి పది లెక్కపెట్టి లేచాడు. మూడోసారి ఆకు ముడుచుకుని ఉండగానే పువ్వు తెంపి పరుగెత్తాడు.

"కోసేశాడవ్వా!" అని అరిచింది చిలక. "విరుగుడు లేదని చెప్పవేం?"

"వినేవాడైతేగా," అంది బూదవ్వ.

దారిలో గాలికే పువ్వు ఎండింది. పొడి చేసి కుంకంలో కలిపాడు. మూడో రోజు పొద్దున వకుళ తలుపు తీసింది. తడి జుట్టు, కళ్ళ నిండా ఏదో వెలుగు. "వచ్చారా! రాత్రే తేల్చుకున్నాను. వినండి, నేను..."

"ముందు ఈ బొట్టు" అని ఆమె నుదుట పెట్టేశాడు.

వకుళ కనురెప్పలు వాలిపోయాయి. నోట్లో మాట నోట్లోనే ఆగిపోయింది. కాసేపటికి, "మీ ఇష్టం" అంది.

అయిదు రోజులు పెళ్ళి జరిగింది. ఊరంతా బూరెలు తింది. లలితాంగుడు మామగారి రాజ్యాన్ని నలభై ఏళ్ళు ఏలాడు. అందరూ సుఖంగా ఉన్నారని తానే చాటింపు వేయించాడు.

"ఈ పూట ఏం వండించమంటావు?" "మీ ఇష్టం." "ఏ చీర కడతావు?" "మీ ఇష్టం." "బిడ్డకేం పేరు పెడదాం?" "మీ ఇష్టం."

ఒకనాడు ఆమె ఎదుట నేలమీద కూర్చుని అడిగాడు. "వకుళా, ఆ పొద్దున నాతో ఏం చెప్పబోయావు? వద్దనా? సరేననా?"

ఆమె చాలాసేపు వెతుక్కుంది. "మీరేం చెప్పమంటే అదే చెప్పబోయాను."

ఆకు నూరి గాయాలు మాన్పడం లలితాంగుడు నేర్చుకున్నాడు. వేరు కట్టి బిడ్డల్ని నిద్రపుచ్చడం నేర్చుకున్నాడు. ఆ రోజు వకుళ ఏమని ఉండేదో మాత్రం అతనికి ఇప్పటికీ తెలియదు.