తవిటమ్మ వాకిలి

అనగా అనగా, సముద్రం ఊళ్ళకి ఇంకా ఆమడ దూరంలో ఉన్న రోజుల్లో, ఇసకపర్రల మీద ఓ ఊరుండేది. ఆ ఊరికి చెడుగుడంటే ప్రాణం. గంజి లేకపోయినా పడుకునేవారు గానీ ఆట లేకపోతే పడుకునేవారు కారు.

ఆ ఊళ్ళో పోలినాయుడని ఆటగాడు ఉండేవాడు. ఒక్క ఊపిరితో "చెడుగుడు చెడుగుడు" అంటూ నడిగీత దాటి అవతలి జట్టు మీదికి కూతకెళ్ళాడంటే, తాటిచెట్టు మీద కాకి కూడా అరవడం మానేసి చూసేదట. అవతల ఊపిరి తెగి పట్టుబడ్డాడా, ఆటలో చచ్చినట్టే. బయటికొచ్చి కూచోవాలి. తనవాళ్ళెవరైనా వెళ్ళి ఎదుటివాణ్ణి తాకి వస్తే, చచ్చి కూచున్నవాళ్ళలో ఒకడు బతికి లేస్తాడు. ఎంత మంచి ఆట చూడండి, చచ్చినవాళ్ళు లేస్తారు.

ఆ బరికి గీతలు గీసేది తవిటమ్మ. సముద్రపొడ్డు దాకా నడిచివెళ్ళి గుల్లలేరి, కాల్చి, సున్నం చేసేది. పిడికిట్లో సున్నం పట్టి, వంగి, వెనక్కి నడుస్తూ వదిలేది. తాడు పట్టేది కాదు. అయినా గీత తాడు పట్టినట్టే ఉండేది. గీసేశాక బయటికొచ్చి నిలబడి, పిల్లల్ని గీత తొక్కనిచ్చేది కాదు. తనూ దాటేది కాదు. ఆడది బరిలో అడుగుపెడితే మగాడి కూత తెగుతుందని ఆ ఊరి నమ్మకం. ఎవరు చెప్పారో తెలీదు, ఎప్పుడు చెప్పారో తెలీదు. అందరూ నమ్మేవారు. తవిటమ్మ కూడా నమ్మేది.

ఆమె మొగుడు అప్పన్న. అన్నం చల్లారితే కొట్టేవాడు. వేడిగా ఉంటే కొట్టేవాడు. అసలు తినాలని లేకపోతే అందుకూ కొట్టేవాడు. మొగుడూ పెళ్ళాల మధ్య మనకెందుకని ఊరు ఊరుకుంది.

ఒకనాడు ఆట జోరుగా సాగుతుంటే తవిటమ్మ పరుగెత్తుకొచ్చింది. వెనకాల అప్పన్న. ఆమె గీత దాకా వచ్చి ఆగిపోయింది. లోపల పోలినాయుడు కూతలో ఉన్నాడు. చూశాడు. కూత ఆపలేదు. అప్పన్న జుట్టు పట్టుకుని తీసుకుపోయాడు.

ఇంకొకనాడు మళ్ళీ పరుగెత్తుకొచ్చింది. పెదవి పగిలి ఉంది. గీత దాకా వచ్చి ఆగిపోయింది. పోలినాయుడు కూతలో ఉన్నాడు. చూశాడు. కూత ఆపలేదు. అప్పన్న జుట్టు పట్టుకుని తీసుకుపోయాడు.

మూడోసారీ వచ్చింది. ఈసారి కాలివేళ్ళు సున్నాన్ని తాకాయి. ఇంకొక్క అడుగేస్తే అంతమంది మగాళ్ళ మధ్యకి వచ్చిపడేది. వెయ్యలేదు. తను గీసిన గీతే కదా, తను ఎలా దాటుతుంది? పోలినాయుడి కళ్ళలోకి చూసింది. ఇప్పుడు ఆపితే చస్తానని పోలినాయుడు అనుకున్నాడు. కూత ఆపలేదు.

ఆవేళ ఆటలో పోలినాయుడి జట్టువాడు ఒక్కడూ చావలేదు. తవిటమ్మ చచ్చిపోయింది.

అప్పన్నని తలార్లు పెడరెక్కలు విరిచి కట్టి తీసుకుపోయారు. మళ్ళీ ఊరి మొహం చూడలేదు. ఊరు నాలుగు రోజులు ఏడ్చి, అయిదో రోజు బరి ఊడ్చుకుంది. వేరెవరో వంకరటింకరగా గీతలు గీశారు. పోలినాయుడు కూతకెళ్ళాడు. తవిటమ్మ నిలబడే చోటికి ఎదురుగా వచ్చేసరికి, గొంతు మీద ఎవరో మెత్తగా అరచెయ్యి పెట్టినట్టు కూత ఆగిపోయింది.

ఇంకొకడు వెళ్ళాడు. అక్కడే ఆగిపోయింది. మరొకడు వెళ్ళాడు. వాడికీ అంతే.

గాలి సోకిందన్నారు. గ్రామదేవతకి పసుపునీళ్ళ కుండలతో ముర్రాటలు పోశారు, కుదరలేదు. బరిని ఇంకో దిబ్బ మీదికి మార్చారు, కుదరలేదు. సున్నం మానేసి బూడిదతో గీశారు, కుదరలేదు. పొరుగూరివాళ్ళు మాత్రం, ఊరంతటికీ గొంతులో గోంగూర పీచు అడ్డం పడ్డట్టుంది మీకు, అని నవ్వుకున్నారు.

చివరికి పోలినాయుడు ఒక్కడే తవిటమ్మ తల్లి గున్నమ్మ దగ్గరికి వెళ్ళాడు. ముసలామె సున్నం బట్టీ ముందు కూచుని గుల్లలు చెరుగుతోంది. తలెత్తలేదు.

"అమ్మా, బరిలో మాకు కూత ఆడట్లేదు," అన్నాడు.

"నాకు ఆ ఆట తెల్దు బాబూ. ఆటలో చచ్చినోడు మళ్ళీ ఎలాగ లేస్తాడో చెప్పు."

"మావోడొకడు గీత దాటి ఎల్లాల. అవతలోణ్ణి తాకి రావాల. అప్పుడు లేస్తాడు."

గున్నమ్మ చేట కింద పెట్టింది. "అయితే మా పిల్ల కోసం ఎవుడెల్లేడు?"

పోలినాయుడు వాకిట్లోనే కూలబడ్డాడు. గున్నమ్మ తిట్టలేదు, లెమ్మనలేదు. పొద్దు వాలేదాకా చెరుగుతూనే ఉంది. ఆనక దోసెడు సున్నం ఆకులో కట్టి చేతికిచ్చింది.

మర్నాడు పొరుగూరితో పందెం. పోలినాయుడు తనే వంగి గీతలు గీశాడు. తవిటమ్మ నిలబడే చోటికి వచ్చేసరికి చెయ్యెత్తేశాడు. మనిషి పట్టేంత మేర గీత లేకుండా వదిలేశాడు. మళ్ళీ అవతల నుంచి గీశాడు. అందరూ వింతగా చూశారు. ఆట మొదలైంది. ఇద్దరు ముగ్గురు చచ్చి బయట కూచున్నాక పోలినాయుడు కూతకెళ్ళాడు. ఆ చోటికి ఎదురుగా వచ్చాడు. గొంతు ఆగకముందే తనే కూత ఆపేశాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పట్టుకుంటే చచ్చేవాడే. పొరుగూరి జట్టు పెద్ద చిట్టినాయుడు చెయ్యి చాచాడు కూడా. చాచినవాడు, ఏం పని ఇది అన్నాడు. పోలినాయుడు తవిటమ్మ పేరు చెప్పాడు. చిట్టినాయుడు ఆ వదిలేసిన చోటు వైపు చూసి చెయ్యి దించేసుకున్నాడు.

"మా ఊరిలోనూ ఉంది ఒకర్తి," అన్నాడు మెల్లగా. "నూతిలో తేలింది. మా మేనత్త. పేరు బంగారి."

రెండు జట్లూ అలాగే నిలబడ్డాయి. చచ్చి కూచున్నవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. ఆనక పోలినాయుడు గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. మళ్ళీ కూత మొదలెట్టాడు. ఈసారి తెగలేదు. కొస దాకా వెళ్ళి వచ్చాడు.

కథ ఇక్కడితో ఐపోతే నేను మీకు చెప్పేదాన్నే కాదు. ఏడుపు మిగిల్చి పిల్లల్ని పడుకోబెట్టకూడదు కదా.

కొన్నేళ్ళు గడిచాయి. బరి గీసిన ప్రతిసారీ పోలినాయుడు ఆ చోట గీత వదిలేస్తూనే ఉన్నాడు. ఆ రెండూళ్ళకే పెద్ద పందెం. పోలినాయుడి జట్టులో మిగిలింది అతనొక్కడే, తక్కినవాళ్ళంతా చచ్చి బయట కూచున్నారు. అతను కూతలో ఉన్నాడు. చిట్టినాయుడివాళ్ళు చేతులు కలిపి గొలుసు కట్టి చుట్టుముడుతున్నారు. అప్పుడు నూకాలనే పిల్ల జుట్టు విరబోసుకుని పరుగెత్తుకొచ్చింది. వెనకాల మొగుడు, చేతిలో రోకలి.

నూకాలు గీత దాకా వచ్చి ఆగిపోయింది.

పోలినాయుడు చూశాడు. కూత ఆపేశాడు.

"దాటి రా తల్లీ," అన్నాడు. "వాకిలి తీసే ఉంది."

ఆమె గీత లేని చోట నుంచి లోపలికొచ్చింది. చిట్టినాయుడివాళ్ళు అతని కోసం కట్టిన గొలుసు విప్పకుండానే గిర్రున వెనక్కి తిరిగారు. చచ్చి కూచున్నవాళ్ళంతా లేచొచ్చి ఆ గొలుసులో చేతులు కలిపారు. నూకాలు మధ్యలో, గొలుసు చుట్టూ. రోకలివాడు అటు పరుగెత్తాడు, ఇటు పరుగెత్తాడు. నా పెళ్ళాం, నా ఇష్టం అన్నాడు.

"ఇక్కడ ఆవిడ మా జట్టు," అన్నాడు చిట్టినాయుడు. "కావాలంటే కూతెట్టి రా బావా. నీ ఊపిరెంతో మేమూ చూస్తాం."

చూస్తున్న ఆడవాళ్ళలో ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు బరి చుట్టూ తిరిగొచ్చింది. వాడి చెయ్యి సడలింది, రోకలి జారి ఇసకలో పడింది. ఊరి పెద్దలు ఈసారి మనకెందుకు అనలేదు. వాణ్ణి ఊరు దాటించారు. గున్నమ్మ కుండతో నీళ్ళు తెచ్చి నూకాలుకి పట్టింది. తాగించి, గున్నమ్మ కూడా తాగింది. అన్నాళ్ళకి ఆ ముసలామె నిండా ఊపిరి పీల్చి వదలడం పోలినాయుడు విన్నాడు.

పందెం ఎవరు గెలిచారంటారా? ఎవరికీ గుర్తులేదు.

నూకాలు గున్నమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. గుల్లలు కాల్చింది, సున్నం చేసింది, బరికి గీతలు గీసింది. తల ముగ్గుబుట్టయ్యేదాకా బతికింది. ఆ చోటికి వచ్చిన ప్రతిసారీ చెయ్యెత్తేది.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్ళలో చెడుగుడు బరి గీసేవాళ్ళు ఒకచోట చెయ్యెత్తేస్తారు. దాన్ని తవిటమ్మ వాకిలి అంటారు. మొదట కూతకెళ్ళినవాడు దానికి ఎదురుగా ఆగుతాడు. ఎవరూ అతన్ని పట్టరు. ఏ ఊరివాళ్ళు ఆ ఊరి ఆడబిడ్డల పేర్లు చెబుతారు, అలా పోయినవాళ్ళ పేర్లు. అందరూ ఒక్కసారిగా ఊపిరి తీసుకుంటారు. ఆట మొదలవుతుంది. ఆ ఊళ్ళలో ఏ ఇంట్లోనైనా అరుపు వినపడితే పక్కింటివాళ్ళు వెళ్ళి తలుపు కొట్టి ఒక్కటే అంటారు, "వాకిలి తీసే ఉంది తల్లీ" అని.

కథ గీత దాటి లోపలికొచ్చేసింది. ఇంక మనమూ ఊపిరి తీసుకుందాం.