రాజుగారి పాదం కొలత

రాజుగారి కొత్త చెప్పులు పాదాలకు ఎక్కలేదు. కుట్టిన కదిరప్ప చేతులు నరకమన్నారు! కదిరప్ప తాడుతో పాదం మళ్లీ కొలిచాడు. నెలనాటి కొలతకన్నా వేలెడు ఎక్కువుంది.

"ఈ నెల్లో కొత్తగా ఏం పుచ్చుకున్నారు ప్రభూ?"

"దగ్గుకని అతిమధురం కషాయం. దగ్గు మూడోనాటికే పోయింది గానీ, తియ్యగా ఉందని రోజూ తాగుతున్నాం."

"అయితే దానివల్లే పాదానికి నీరు పట్టింది ప్రభూ!" అన్నాడు కదిరప్ప.

"తియ్యటి వేరు ఏం చేస్తుందిరా? ఎన్నాళ్లు తాగినా మేలే!" కసిరాడు ఆస్థాన వైద్యుడు.

"అయితే మీరూ నెల్లాళ్లు తాగండి అయ్యగారూ. మీ పాదం ఉబ్బకపోతే అప్పుడే నా చేతులు నరికించండి." కదిరప్ప తాడు పట్టుకుని వంగాడు.

వైద్యుడు చటుక్కున పాదాలు పంచె కిందికి లాక్కున్నాడు.

రాజుగారు కషాయం పారబోయించారు. కొన్నాళ్లకు అవే చెప్పులు సులువుగా ఎక్కాయి. అందాకా కదిరప్ప రోజూ పొద్దున్నే లేచి, ముందు చేతులు చూసుకునేవాడు.