మొరుగు పోతుందనుకున్న ఢంకా

అనగనగా ఒక అడవి, ఆ అడవి అంచున ఒక మేకల దొడ్డి. ఆ దొడ్డికి కాపలా ఒక పెద్ద కుక్క. పేరు ఢంకా. ఆ పేరెందుకొచ్చిందో వేరే చెప్పాలా? అది "భౌ!" అందంటే చెట్ల మీది కాకులన్నీ లేచిపోయేవి. వాగు అవతల తోడేలు తోక ముడిచేది.

ఆ దొడ్డిలోనే చుక్కి అనే కుక్కపిల్ల ఉండేది. రోజంతా ఢంకా వెనకే తిరిగేది.

"మామా, నాకూ నీలా మొరగడం నేర్పవా?" అని అడిగేది.

"ఏదీ, గొంతెత్తు చూద్దాం" అనేది ఢంకా.

"కియ్!" అనేది చుక్కి. మేకలన్నీ పడీ పడీ నవ్వేవి.

ఒక వానాకాలం చుక్కికి ఒళ్లంతా పిడుదులు పట్టాయి. అవి రక్తం పీల్చి పీల్చి దాన్ని లేవలేకుండా చేశాయి. చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. కబురందుకుని అడవిలోంచి కొండముచ్చు డాక్టరమ్మ పరుగున వచ్చింది. పిడుదులన్నీ ఏరేసి మందు వేసింది. అయినా ఆమె మొహంలో దిగులు పోలేదు.

"మందొక్కటే చాలదు. పిల్ల ఒంట్లో రక్తం లేదు. ఎవరైనా ఇస్తే తప్ప బతకదు" అంది.

ముసలి మేక ముందుకొచ్చింది. "నాది తీసుకో తల్లీ. కడుపునిండా మేసి వచ్చాను."

"నీ మనసు మంచిదే అవ్వా. కానీ మేక రక్తం కుక్కకు పడదు."

పిల్లి మీసాలు సవరించుకుంటూ వచ్చింది. "నాదైతే పాలు తాగి పెరిగిన రక్తం!"

"పిల్లిదీ పడదు. కుక్కకు కుక్కే ఇవ్వాలి."

అందరూ ఢంకా కోసం చూశారు. ఢంకా ఏది? గడ్డివాము వెనక నక్కింది. ఒళ్లంతా దాగింది గానీ, పాపం, తోక మాత్రం బయటే ఉంది.

"బయటికి రా నాయనా" అంది డాక్టరమ్మ.

"సూదంటే నాకేం భయం లేదు!" అంది ఢంకా గడ్డిచాటు నుంచే. "నా మొరుగంతా నా రక్తంలోనే ఉంది. రక్తం పోతే మొరుగు పోతుంది. మొరుగు పోతే తోడేలు వస్తుంది. అప్పుడీ మేకల గతేంటి?"

పిల్లలూ, నవ్వకండి. దాని భయం దానిది.

డాక్టరమ్మ కూడా నవ్వలేదు. "మొరుగు ఉండేది గొంతులో. నువ్వా, దుక్కలా ఉన్నావు. కొంచెమే తీస్తాను. తిండి తింటే మళ్లీ ఊరుతుంది. అయినా బలవంతం లేదు. నువ్వు ఊ అంటేనే" అంది.

అప్పుడు చుక్కి మెల్లగా కళ్లు తెరిచింది. "వద్దులే మామా. నువ్వు మేకల్ని కాయాలిగా" అంది.

ఆ మాటకు ఢంకా గుండె కరిగిపోయింది. ఇంత పసిది మేకల కోసం ఆలోచిస్తుంటే, తాను గడ్డిచాటున దాక్కోవడమా అని సిగ్గుపడింది. గబగబా వచ్చి కాలు చాపింది.

"తీసుకో డాక్టరమ్మా. మొరుగు పోతే పోయింది, కరవడానికి పళ్లున్నాయి!"

అంత మాట అని, కళ్లు మాత్రం గట్టిగా మూసుకుంది. "అయిపోయిందా?" అని అడిగింది.

"ఇంకా మొదలే పెట్టలేదు" అంది డాక్టరమ్మ.

అంతా అయ్యాక మేకలు ఢంకాకు రాగిసంకటి పెట్టాయి. సుబ్బరంగా తింది. కానీ మొరిగి చూసుకోవడానికి మాత్రం ధైర్యం చాలలేదు. గొంతు రాకపోతేనో?

మర్నాటి సాయంత్రం తోడేలు వాగు దాటి వచ్చింది. దొడ్డిలో చప్పుడు లేకపోవడం దానికి భలే నచ్చింది. మేకలన్నీ ఒక మూలకు చేరాయి. ఢంకా లేచి నిలబడింది. ఏదైతే అదవుతుందని నోరు తెరిచింది.

"భౌ!"

కాకులన్నీ లేచిపోయాయి. మొరుగు ఎక్కడికీ పోలేదు! తోడేలు గతుక్కుమంది. అంతలో పక్కనుంచి ఇంకొకటి.

"భౌ!"

ఢంకా ఉలిక్కిపడి చూసింది. చుక్కి! నాలుగు కాళ్ల మీద లేచి నిలబడింది.

"అమ్మో, ఒక్కదానితోనే చస్తున్నాను, ఇప్పుడు రెండా!" అంటూ తోడేలు వాగులో పడి పారిపోయింది.

"మామా, నీ రక్తంతో నీ మొరుగు కూడా నాకొచ్చేసింది!" అని గంతులేసింది చుక్కి.

"నాది నా దగ్గరే ఉందే పిచ్చిపిల్లా. ఇది నీదే. బతికావు గనుక బయటికొచ్చింది" అంటూ ఢంకా దాని చెవులు నాకింది. పట్టలేని సంతోషం దానికి.

ఆ ఇద్దరూ కలిసి మొరిగిన మొరుగుకు ఆ పూట మేకలు కన్ను మూస్తే ఒట్టు. అయినా ఒక్కటీ విసుక్కోలేదు.

నీతి: మన ఒంట్లో మళ్లీ ఊరేదాన్ని ఇష్టపడి ఇస్తే మనకు తరుగు లేదు, ఎదుటివారికి ప్రాణం నిలుస్తుంది.