నిన్న పోసిన నీళ్లు

ఉదయం ఆరు దాటింది. సన్నగా తుంపర పడుతోంది. దోర్నాల దాటి ఘాట్ రోడ్డు ఎక్కబోతూ హైమవతి అడిగింది: "మాస్టారూ, బండి మొరాయించబోతోందని ముందే ఎలా తెలుస్తుంది?"

మస్తాన్ మాస్టారు ముప్పై ఏళ్లు ఆ దారిలోనే బస్సు నడిపి, రిటైరయ్యాక కారు నడపడం నేర్పుతున్నారు. ఏది అడిగినా "చూద్దాం" అనడం ఆయన అలవాటు. ఆవేళా అంతే అన్నారు. స్టీరింగ్ ముందున్న హైమవతికి ఘాట్ మీద నడపడం అదే మొదలు, పక్క సీట్లో మాస్టారు. వెనక సీట్లో అత్తగారు సుందరమ్మ, కూతుళ్లు హంస, నీలిమ.

నాలుగు మలుపులు తిరిగేసరికి కారంతా తియ్యటి వాసన.

"నా చలిమిడే!" సుందరమ్మ మురిసిపోయింది. "డబ్బా మూతైనా తియ్యలేదు, అప్పుడే ఎలా ఘుమాయిస్తోందో."

మాస్టారు నవ్వలేదు. వేడి చూపే ముల్లు ఎర్రగీత తాకింది.

"ఇంకొక్క మలుపు, మాస్టారూ..."

"ఇక్కడే ఆపమ్మా."

ఆపేలోగా బానెట్ కింద నుంచి ఆవిరి బుస్సుమంది. హంస చెంగున దిగి, బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబోయింది. మాస్టారు ఆ పిల్ల మణికట్టు ఒడిసి పట్టుకున్నారు. "లోపల మరుగుతున్నాయి తల్లీ. తీశావంటే మొహాన చిమ్ముతాయి."

హైమవతి పరుగున వచ్చి హంసను వెనక్కి లాక్కుంది.

గంట సేపు చల్లారనిచ్చి చూస్తే, రేడియేటర్ అడుగున సన్నటి పచ్చటి కూలెంటు ధార. తియ్యటి వాసన దానిదే.

"ఇన్నాళ్లూ కారుతుంటే వాకిట్లో ఒక్క మరకైనా లేదే!" అంది హైమవతి.

"మరకెలా ఉంటుందే పిచ్చిపిల్లా?" అంది సుందరమ్మ. "తెల్లారకుండానే కారు కిందిదాకా నేను కళ్లాపి చల్లుతున్నాగా!"

పిల్లలు పకపకా నవ్వారు. హైమవతికి నవ్వు రాలేదు. ఇరవై రోజులుగా రేడియేటర్లో రోజూ గ్లాసెడు నీళ్లు తగ్గుతున్నాయి. రోజూ తనే పోస్తోంది. ఇంజను తాగేస్తోంది కాబోలనుకుంది.

"నిన్న పోసినవి ఎటు పోయాయని అడగలేదేమ్మా?" అన్నారు మాస్టారు. "బయల్దేరేటప్పుడు నీళ్లు చూశావా అన్నాను. పోశానన్నావు. నేనూ వదిలేశాను."

సాయంత్రం బస్సులో ఇల్లు చేరారు. కారు షెడ్డుకు పోయింది. గుమ్మంలో నిలబడి, అందరూ క్షేమంగా చేరారా అని హైమవతి లెక్కపెట్టుకుంది. అత్తయ్య. హంస. నీలిమ. మళ్లీ అత్తయ్య దగ్గర్నుంచి మొదలుపెట్టింది.

"లెక్క కుదిరిందిగా. నీళ్ల లెక్కా రోజూ కుదిరిందనే అనుకున్నావు," అన్నారు మాస్టారు చెప్పులు తొడుక్కుంటూ. "ఇక ఒక్కొక్కరినీ పలకరించమ్మా."